పడమటి గాలుల నాడి పట్టడం ఎలా?



మీ బడి ప్రయోగశాలలో భారమితి ఉన్నదా? ఉంటే ఒక రోజు ఉదయం 10 గంటలకు, మళ్లీ సాయంత్రం 4 గంటలకు దాని అంకె చూసి రాసుకోండి. పాదరసం గొట్టం కాకపోయినా ఫరవాలేదు, గడియారంలాగా ముల్లు ఉండే అనెరాయిడ్ భారమితి చాలు. అదీ లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ అడగండి. కొన్ని ఫోన్లలో గాలి పీడనాన్ని కొలిచే చిన్న పరికరం లోపలే అమర్చి ఉంటుంది.

ఆకాశం నిర్మలంగా ఉన్నా, చెట్టు మీద ఆకు కదలకపోయినా, పది గంటల అంకె కంటే నాలుగు గంటల అంకె మూడు నాలుగు మిల్లీబార్లు తక్కువగా కనిపిస్తుంది. రాత్రి 10 గంటలకు పీడనం మళ్లీ పెరుగుతుంది. తెల్లవారుజామున 4 గంటలకు మళ్లీ తగ్గుతుంది. మర్నాడూ అదే వరస. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్టే వాతావరణానికి కూడా ఉన్నాయన్న మాట. అయితే దీనికి ముఖ్య కారణం చంద్రుడు కాదు, సూర్యుడు. ఎండలోని వేడిని పైపొరల్లో ఓజోను, కిందిపొరల్లో నీటి ఆవిరి పీల్చుకోవడం వల్ల గాలి సముద్రం రోజుకు రెండుసార్లు ఇలా ఊగుతుంది.

ఇదే భారమితిని పట్టుకుపోయి ఐస్‌లాండ్‌లో పెట్టారనుకోండి. అక్కడ చలికాలంలో రెండు మూడు రోజుల్లోనే పీడనం 30, 40 మిల్లీబార్లు పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. అంత పెద్ద ఊపులో మన మూడు నాలుగు మిల్లీబార్ల ఆటుపోటు కనిపించనే కనిపించదు. మన కోస్తాలో భారమితి అంతగా పడిపోయిందంటే పెద్ద తుపాను నెత్తిమీదికి వచ్చిందని అర్థం. అక్కడ మాత్రం అది మామూలు విషయం.

ఒక్క భూగోళం మీద రెండు చోట్ల గాలి నడతలో ఇంత తేడా ఎందుకు? ఆ పెద్ద ఊపును శాస్త్రజ్ఞులు ఎలా కొలుస్తారు? కొలిచి ఏం చేసుకుంటారు? ఈ నెల పాఠం ఇదే. ఎక్కడో ఐస్‌లాండ్ గాలితో ఎడ్లపాడు వాళ్లకు ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మృగశిర కార్తె రాగానే పత్తి గింజ పెట్టాలా, ఇంకో వారం ఆగాలా అని ఆకాశం వైపు చూసే రైతుకు ఈ కథతో సంబంధం ఉంది. ఆ సంబంధం ఎంత గట్టిదో, ఎంత బలహీనమైనదో చివరకు మీరే తేల్చుకుందురు గాని.

గాలి పడమర నుంచే ఎందుకు వీస్తుంది?

భూమధ్యరేఖకు ఉత్తరాన 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీల అక్షాంశం దాకా ఉన్న పట్టీని మధ్య అక్షాంశాలు అంటారు. దక్షిణార్ధగోళంలోనూ అంతే. వాటికి పైన ధ్రువం దాకా ఉన్నవి ఉన్నత అక్షాంశాలు. మన ఎడ్లపాడు సుమారు 16 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి మనది ఉష్ణమండలం.

వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుందని మీకు తెలుసు. అందువల్ల మన నెత్తిమీద గాలి పొర మందంగా ఉంటుంది. ధ్రువం దగ్గర గాలి చల్లబడి కుదించుకుపోయి పలుచగా పరచుకుని ఉంటుంది. పీడనం సుమారు 1000 మిల్లీబార్ల నుంచి సరిగ్గా సగానికి, అంటే 500 మిల్లీబార్లకు తగ్గే ఎత్తు ఎంతో చూడండి. ఆంధ్రదేశం మీద అది దాదాపు 5,850 మీటర్లు. చలికాలంలో ఉత్తర ధ్రువ ప్రాంతం మీద సుమారు 5,000 మీటర్లే. మన దగ్గర నుంచి ధ్రువం దాకా 850 మీటర్ల వాలు ఉన్నదన్న మాట.

వాలు ఉంటే గాలి ఆ వాలు వెంట ధ్రువం వైపు జారాలి. అయితే భూమి తిరుగుతున్నది కదా! ఆ భ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి తన కుడివైపుకు మళ్లుతుంది. ఉత్తరానికి బయలుదేరిన గాలికి కుడివైపు అంటే తూర్పు. అలా గాలి వాలుకు అడ్డంగా తిరిగి పడమర నుంచి తూర్పుకు పరుగెడుతుంది. ఇవే పశ్చిమ పవనాలు. ఎత్తుకు పోయిన కొద్దీ వీటి వేగం పెరుగుతుంది. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున సన్నని నదిలాగా, గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో పోయే ప్రవాహాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు.

ఈ నది తిన్నగా పారదు. ఏటి పాయలాగా మెలికలు తిరుగుతుంది. ఒకచోట ఉత్తరానికి ఉబ్బుతుంది, ఇంకోచోట దక్షిణానికి జారుతుంది. గోళం చుట్టూ ఇలాంటి పెద్ద మెలికలు మూడు నుంచి ఆరు దాకా ఉంటాయి. వీటిని లెక్కగట్టి వివరించినవాడు స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన కార్ల్ గుస్తావ్ రాస్బీ. అందుకే వీటికి రాస్బీ తరంగాలు అని పేరు. మెలిక ఉత్తరానికి ఉబ్బిన చోట దక్షిణపు వెచ్చదనం పైకి పోతుంది, దక్షిణానికి జారిన చోట ధ్రువపు చలి కిందికి దిగుతుంది.

ముందు అంకెలన్నీ ఒక మట్టానికి రావాలి

కొలత సంగతికి వద్దాం. ఎక్కడెక్కడి భారమితుల అంకెలనో పోల్చాలంటే ఒక చిక్కు ఉంది. కొండవీటి కోటకు ఎప్పుడైనా వెళ్లారా? కింద ఊళ్లో భారమితి చూసుకుని, 300 మీటర్ల ఎత్తు ఎక్కి మళ్లీ చూస్తే అంకె 33, 34 మిల్లీబార్లు తగ్గిపోతుంది. గాలిలో మార్పేమీ రాలేదు, మీరే పైకి ఎక్కారు! కాబట్టి ప్రతి కేంద్రమూ తన ఎత్తును, అక్కడి ఉష్ణోగ్రతను బట్టి, ఇదే చోటు సముద్ర మట్టంలో ఉంటే పీడనం ఎంత ఉండేది అని లెక్కగట్టి చెబుతుంది. దాన్ని సముద్ర మట్ట పీడనం అంటారు. దినపత్రికల్లో వచ్చే పటాల మీద సమభార రేఖలు గీసేది ఈ అంకెలతోనే. మీ పుస్తకాల్లో హెక్టోపాస్కల్ అని కనిపిస్తే కంగారుపడకండి, ఒక హెక్టోపాస్కల్ అంటే ఒక మిల్లీబారే.

పై గాలిని కొలవడానికి బెలూన్లు ఉన్నాయి. ప్రపంచమంతటా వందల కేంద్రాలు ఒకే వేళకు బెలూన్లు వదులుతాయి. గ్రీనిచ్ కాలం ప్రకారం అర్ధరాత్రికి, మధ్యాహ్నానికి అనుకున్న ఆ వేళలు మన గడియారంలో ఉదయం 5.30, సాయంత్రం 5.30. మనకు దగ్గరలో ఇలాంటి కేంద్రం మచిలీపట్నంలో ఉంది. ఎడ్లపాడుకు సూటిగా కొలిస్తే 100 కిలోమీటర్ల లోపే. విశాఖపట్నంలో, హైదరాబాదులో కూడా ఉన్నాయి. బెలూన్ కింద వేలాడే రేడియోసాండ్ అనే చిన్న పెట్టె పైకి పోతూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ రేడియో ద్వారా చెబుతూ ఉంటుంది. బెలూన్ ఎటు కొట్టుకుపోతున్నదో చూసి గాలి దిక్కు, వేగం తెలుసుకుంటారు. ఈనాడు ఉపగ్రహాలు, విమానాలు, సముద్రంలో తేలే పరికరాలు కూడా తోడయ్యాయి. అయినా బెలూన్ల పని తీరిపోలేదు.

రాస్బీ చేసిన తీసివేత

ఇన్ని వేల అంకెలు వచ్చి పడ్డాక, ఈ వారం పశ్చిమ పవనాలు బలంగా ఉన్నాయా, నీరసంగా ఉన్నాయా అని ఒక్క మాటలో ఎలా చెప్పాలి? రాస్బీ 1939లో చాలా సులభమైన ఉపాయం చెప్పాడు. 35 డిగ్రీల అక్షాంశం వెంబడి సముద్ర మట్ట పీడనానికి సగటు తీయండి. 55 డిగ్రీల వెంబడి కూడా సగటు తీయండి. మొదటి దాంట్లో నుంచి రెండోది తీసివేయండి. వచ్చినదే సూచిక. అంతే!

తీసివేతతో గాలి బలం ఎలా తెలుస్తుందో లెక్క వేసి చూద్దాం. 35 డిగ్రీల దగ్గర సగటు 1019, 55 డిగ్రీల దగ్గర 1011 మిల్లీబార్లు అనుకోండి. తేడా 8 మిల్లీబార్లు, అంటే 800 పాస్కల్‌లు. రెండు అక్షాంశాల మధ్య దూరం 22,20,000 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. భూభ్రమణ ప్రభావాన్ని చెప్పే కోరియాలిస్ గుణకం 45 డిగ్రీల దగ్గర సుమారు 0.0001. గాలి వేగం కావాలంటే పీడన భేదాన్ని ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. 1.2 × 0.0001 × 22,20,000 = 266.4. 800ను 266.4తో భాగిస్తే 3. సెకనుకు 3 మీటర్లు, అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు. ఇది గోళం చుట్టూ తీసిన సగటు కాబట్టి ఇంత తక్కువగా కనిపిస్తుంది. ఏదో ఒక చోట, ఏదో ఒక రోజున వీచే గాలి దీనికి ఎన్నో రెట్లు ఉండవచ్చు.

సూచిక పెద్దదైతే గాలి తిన్నగా, జోరుగా పడమర నుంచి తూర్పుకు పోతున్నదని అర్థం. చిన్నదైతే మెలికలు పెరిగి, చలి ఒకచోట కిందికి, వెచ్చదనం ఇంకోచోట పైకి పోతున్నాయని అర్థం.

ఇదే లెక్క మన ఎడ్లపాడు దగ్గర చేస్తే ఏమవుతుంది? ఇక్కడ కోరియాలిస్ గుణకం 0.00004 మాత్రమే. భూమధ్యరేఖ మీద సున్నా. సున్నాతో భాగించకూడదని మీ లెక్కల మాస్టారు చెప్పే ఉంటారు. ఉష్ణమండలంలో పీడన భేదాలు నిలవకుండా గాలి వెంటనే సర్దేస్తుంది. మధ్య, ఉన్నత అక్షాంశాల్లో భూభ్రమణం గాలిని పక్కకు మళ్లించి ఆ భేదాలను నిలబెడుతుంది. మన భారమితి ప్రశాంతంగా ఉండటానికి, ఐస్‌లాండ్ భారమితి గంతులు వేయడానికి పెద్ద కారణం ఇదే.

కరువు నుంచి పుట్టిన వెతుకులాట

మన గుంటూరు సీమను 1832-33లో నందన కరువు ఊడ్చిపెట్టింది. 1876-78లో మద్రాసు రాజధాని అంతా మళ్లీ కరువు పాలైంది. వానలు వస్తాయో రావో ముందే తెలిస్తే బాగుండునని ఎవరికి అనిపించదు? 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మీద మంచు ఎంత పడిందో చూసి రుతుపవనాల జోస్యం చెప్పడం మొదలుపెట్టాడు. 1886 నుంచి ఆ జోస్యాలు ప్రతి ఏటా వెలువడ్డాయి. 1899లో రుతుపవనాలు ఘోరంగా విఫలమయ్యాయి. అప్పటికి మంచు ఒక్కటే చాలదని తేలిపోయింది.

1904లో ఆ పదవికి గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. ఆయన కేంబ్రిడ్జిలో గణితం చదివినవాడు. వాతావరణ శాస్త్రంలో అనుభవం లేదు! (మన రామానుజన్ నోటు పుస్తకాలు 1913లో మద్రాసులో చూసి, ఈ కుర్రవాడికి సాయం చేయండని విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసినవాడు ఈయనే.) వాకర్ ప్రపంచం నలుమూలల నుంచి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం అంకెలు తెప్పించాడు. ఒక ఊరి అంకెలు పెరిగినప్పుడు ఇంకో ఊరి అంకెలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అని సహసంబంధ గుణకాలు లెక్కగట్టించాడు. కంప్యూటర్లు లేని రోజులు. గుమాస్తాలు కలం, కాగితం పట్టుకుని సంవత్సరాల తరబడి చేసిన లెక్కలు అవి.

ఆ అంకెల అడవిలో ఆయనకు మూడు పెద్ద తక్కెడలు కనిపించాయి. 1924లో వెలువడిన వ్యాసంలో వాటికి పేర్లు పెట్టాడు. ఒకటి దక్షిణ డోలనం. పసిఫిక్ సముద్రం మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, ఇటు పెరిగితే అటు తగ్గుతుంది. రెండోది ఉత్తర పసిఫిక్ డోలనం. మూడోది మన పాఠానికి ముఖ్యమైనది, ఉత్తర అట్లాంటిక్ డోలనం. రుతుపవనాల తాళంచెవి కోసం భారతదేశంలో కూర్చుని వెతుకుతూ ఉంటే ఐరోపా చలికాలపు తాళంచెవి దొరికిందన్న మాట.

నిజానికి ఈ మూడో తక్కెడ ఊగడం జనం ఎప్పుడో గమనించారు. గ్రీన్‌లాండ్‌లో 1770 నుంచి 1778 వరకు ఉన్న హాన్స్ ఎగెడె సాబ్యె అనే డెన్మార్క్ మతబోధకుడు తన దినచర్యలో ఒక సంగతి రాసుకున్నాడు. డెన్మార్క్‌లో చలి కఠినంగా ఉన్న ఏడు గ్రీన్‌లాండ్‌లో తేలికగా ఉంటుంది, ఇక్కడ కఠినంగా ఉంటే అక్కడ తేలికగా ఉంటుంది అని. కారణం తెలియకపోయినా కంటికి కనిపించినది రాసి పెట్టాడు.

రెండు ఊళ్లు, ఒక అంకె

ఈ తక్కెడకు ఉత్తరపు సిబ్బె ఐస్‌లాండ్ దగ్గర ఉండే అల్పపీడనం. దక్షిణపు సిబ్బె అజోర్స్ దీవుల దగ్గర ఉండే అధిక పీడనం. ఐస్‌లాండ్ దగ్గర పీడనం ఇంకా తగ్గి, అజోర్స్ వైపు ఇంకా పెరిగితే వాలు ఎక్కువై పశ్చిమ పవనాలు జోరందుకుంటాయి. అట్లాంటిక్ వెచ్చదనాన్ని, తేమను మోసుకుపోయి ఉత్తర ఐరోపా మీద కుమ్మరిస్తాయి. అప్పుడు అక్కడ చలి తగ్గి వానలు పడతాయి, మధ్యధరా ప్రాంతం ఎండుతుంది, గ్రీన్‌లాండ్ వణుకుతుంది. తక్కెడ అటు మొగ్గితే అంతా తారుమారు.

దీన్ని కొలవడానికి అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హరెల్ 1995లో వాడిన పద్ధతిలో పోర్చుగల్‌లోని లిస్బన్, ఐస్‌లాండ్‌లోని స్టికిస్‌హోల్మర్ అంకెలు తీసుకున్నారు. అవి 1864 నుంచి వరసగా దొరుకుతున్నాయి. లిస్బన్ బదులు జిబ్రాల్టర్‌ను, ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌ను తీసుకుంటే 1821 దాకా వెనక్కి పోవచ్చని 1997లో మరికొందరు చూపించారు. ఆ పాతకాలపు పరిశీలకులు వానలోనూ, మంచులోనూ రోజూ వెళ్లి భారమితి చూడబట్టి కదా మనకు ఈ లెక్క వచ్చింది!

ఇక్కడ ఉత్త తీసివేత సరిపోదు. ఎందుకో మీ మార్కులతో చెబుతాను. తెలుగులో తరగతి అందరికీ 60, 80 మధ్య మార్కులు వచ్చాయి. లెక్కల్లో 10 నుంచి 100 దాకా చెదిరిపోయాయి. రెండూ కూడితే ఎవరు ముందో ఎవరు వెనకో నిర్ణయించేది దాదాపు లెక్కల మార్కులే. తెలుగు మార్కులు నోరెత్తలేవు. ఐస్‌లాండ్ పీడనం లెక్కల మార్కుల వంటిది, లిస్బన్ పీడనం తెలుగు మార్కుల వంటిది. కాబట్టి ప్రతి ఊరి అంకెనూ దాని మామూలు చెదురుదనంతో కొలవాలి. ఆ చెదురుదనాన్ని ప్రామాణిక విచలనం అంటారు. ఈ ఏటి పీడనంలో నుంచి సగటును తీసివేసి, ప్రామాణిక విచలనంతో భాగించండి. రెండు ఊళ్లకూ ఇలా చేసి, లిస్బన్ ఫలితం నుంచి ఐస్‌లాండ్ ఫలితాన్ని తీసివేయండి.

లెక్క తేలిక కావడానికి అంకెలు ఊహించుకుందాం. లిస్బన్ చలికాలపు సగటు 1020, ప్రామాణిక విచలనం 3. ఐస్‌లాండ్ సగటు 1000, ప్రామాణిక విచలనం 6. ఒక చలికాలంలో లిస్బన్‌లో 1023, ఐస్‌లాండ్‌లో 991 వచ్చాయి. లిస్బన్‌కు +1, ఐస్‌లాండ్‌కు -1.5. సూచిక 1 - (-1.5) = +2.5. తక్కెడ బాగా మొగ్గింది, ఉత్తర ఐరోపాకు వెచ్చని చలికాలం. ఇంకో ఏడు లిస్బన్‌లో 1015.5, ఐస్‌లాండ్‌లో 1012 వచ్చాయి. -1.5 నుంచి +2 తీసివేస్తే -3.5. ఆ ఏడు లండన్ వాళ్లు గడగడలాడతారు.

రెండు ఊళ్లతో తీరని లోటు

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. అల్పపీడన కేంద్రం ఒక ఏడు ఐస్‌లాండ్‌కు కాస్త పడమరగా, మరో ఏడు తూర్పుగా జరుగుతుంది. భారమితి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చెరువులో చేపలు ఒక మూలకు పోతే ఇంకో మూల వల వేసి చేపల్లేవు అన్నట్టు అవుతుంది. అందుకని 1998లో థాంప్సన్, వాలెస్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు 20 డిగ్రీలకు ఉత్తరాన ఉన్న పటం మొత్తం మీది పీడనాలను కంప్యూటర్‌కు ఇచ్చి, ఇందులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఊపు ఏదో తేల్చారు. ధ్రువం మీద పీడనం తగ్గినప్పుడు దాని చుట్టూ మధ్య అక్షాంశాల్లో పెరగడం, అక్కడ పెరిగితే ఇక్కడ తగ్గడం. దీనికి ఆర్కిటిక్ డోలనం అని పేరు. అట్లాంటిక్ తక్కెడ ఇందులో ఒక భాగమే అనుకోవచ్చు.

2010 ఫిబ్రవరిలో ఆర్కిటిక్ డోలన సూచిక సుమారు -4.3కు పడిపోయింది. అదే నెల అమెరికా రాజధాని వాషింగ్టన్ మంచులో కూరుకుపోయింది. బ్రిటన్‌కు ఆ చలికాలం 1978-79 తరవాత అంత చల్లనిది. దీనికి ఎదురుగా 2020 ఫిబ్రవరిలో సూచిక +3.4 దాకా ఎగబాకింది. ఐరోపా లెక్కల్లో అప్పటివరకు 2019-20 చలికాలమంత వెచ్చనిది లేదు.

దక్షిణార్ధగోళంలో పని ఇంకా కష్టం. అక్కడ నేల తక్కువ, సముద్రం ఎక్కువ, భారమితులు అరుదు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు గారెత్ మార్షల్ 2003లో 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఆరు కేంద్రాలు, 65 డిగ్రీల దగ్గర ఆరు కేంద్రాలు ఎంచుకుని 1957 నుంచి సూచిక తయారుచేశాడు. రాస్బీ తీసివేత వంటిదే, దక్షిణానికి మార్చారంతే. ఆ ధ్రువం వైపు ఆరింటిలో ఒకటి అంటార్కిటికాలోని రష్యా కేంద్రం నొవొలాజరెవ్‌స్కాయా. దానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోనే 1989 నుంచి మన భారతదేశపు మైత్రి కేంద్రం ఉన్నది! మన వాతావరణ శాఖ వాళ్లు అక్కడా కొలతలు తీస్తారు.

మరి మన వానల మాటేమిటి?

వాకర్ వెతికింది దొరికిందా? దక్షిణ డోలనానికీ పసిఫిక్‌లోని ఎల్ నినో అనే వెచ్చని నీటికీ చుట్టరికం ఉన్నదని 1969లో బ్యర్క్‌నెస్ చూపించిన తరవాత దాని విలువ పెరిగింది. ఉత్తర అట్లాంటిక్ తక్కెడ మాత్రం మన వానలను గట్టిగా చెప్పలేదు. కొంచెం సాయం చేస్తుంది, అంతే. మన వాతావరణ శాఖ 2007 నుంచి కొన్నేళ్లు వాడిన సూత్రాల్లో వాయవ్య ఐరోపా జనవరి ఉష్ణోగ్రత, ఉత్తర అట్లాంటిక్ మే నెల పీడనం కూడా చేరాయి, కానీ ఎనిమిది అంశాల్లో రెండుగా మాత్రమే.

ఇటువంటి సూత్రాలు ఎంత జాగ్రత్తగా వాడాలో 2002 నేర్పింది. 1988 నుంచి వాడుతున్న 16 అంశాల సూత్రం ఆ ఏడు మామూలులో 101 శాతం వాన వస్తుందన్నది. వచ్చింది 81 శాతం. ఒక్క జూలైలోనే దేశం మొత్తం మీద సగానికి సగం వాన ఎగిరిపోయింది. సాగర్ కుడి కాలువ మీద ఆధారపడిన మన పల్నాడుకు ఇది దూరపు వార్త కాదు. సాగర్‌కు వచ్చే నీళ్లు చాలా భాగం మహారాష్ట్ర, కర్ణాటకల పడమటి కనుమల మీద పడాలి. అక్కడ వాన ఆగితే ఇక్కడ కాలువ ఎండుతుంది.

వాకర్ కూడా ఈ ప్రమాదాన్ని ఎరుగును. 1914లోనే దీని మీద వ్యాసం రాశాడు. ఎడ్లపాడు వానను ప్రపంచంలోని ఇరవై పట్టణాల పీడనంతో పోల్చారనుకోండి. ఏ సంబంధమూ లేకపోయినా వాటిలో ఒకటి కేవలం యాదృచ్ఛికంగా బాగా సరిపోతుంది. ఎక్కువ చోట్ల వెతికినవాడు ఎక్కువ గట్టి సాక్ష్యం చూపించాలి. నన్నడిగితే ఆ వ్యాసం ఆయన కనిపెట్టిన తక్కెడల కంటే ఏమీ తక్కువది కాదు.

పడమటి గాలులకూ మన రుతుపవనాలకూ మధ్య మరో సంబంధం ఉన్నది. అది సంఖ్యల పోలిక కాదు, కంటికి కనిపించే యంత్రాంగం. ఎండాకాలం ముగిసి రుతుపవనాలు స్థిరపడ్డాక దక్షిణ భారతం మీద 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక జెట్ స్ట్రీమ్ పారుతుంది. దాన్ని వెలికి తీసి 1958లో ప్రకటించినది మన తెలుగువాడు, వాతావరణ శాఖకు అధిపతి అయిన పంచేటి కోటేశ్వరం. పశ్చిమ పవనాల మెలిక ఒక్కోసారి మామూలు కంటే దక్షిణానికి జారి హిమాలయాల మీదికి వచ్చేస్తుంది. అప్పుడు వానల పట్టీ కొండల పాదాల దగ్గరకు పోయి అక్కడ కుండపోతగా కురుస్తుంది, దేశం నడిమి భాగంలో, పడమటి కనుమల్లో వాన తగ్గిపోతుంది. రైతులు వాన ఎగ్గొట్టింది అంటారు, శాస్త్రజ్ఞులు రుతుపవన విరామం అంటారు. ఈ తూర్పు, పడమటి ప్రవాహాల పెనుగులాటను 1962లో సి. రామస్వామి వివరించారు. చలికాలంలోనూ అంతే. ఉత్తర భారతం మీద 12 కిలోమీటర్ల ఎత్తున పారే పడమటి జెట్ స్ట్రీమ్, మధ్యధరా వైపు పుట్టిన అలజడులను మోసుకొచ్చి కాశ్మీరుకు మంచు, పంజాబు గోధుమకు వాన ఇస్తుంది. ఆ జెట్‌ను 1961లో పటం కట్టి చూపిన టి. ఎన్. కృష్ణమూర్తి మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1953లో ఎమ్మెస్సీ పూర్తి చేసినవాడే.

ఇప్పుడు మీరు చేయండి

పైన చెప్పుకున్న సగటులు, విచలనాలే తీసుకుని మూడు చలికాలాలకు సూచిక కట్టండి. మొదటి ఏడు లిస్బన్ 1026, ఐస్‌లాండ్ 994. రెండో ఏడు లిస్బన్ 1017, ఐస్‌లాండ్ 1006. మూడో ఏడు లిస్బన్ 1023, ఐస్‌లాండ్ 1006. మూడింటికీ ఉత్త తీసివేత కూడా చేసి పక్కన రాయండి. రెండు ఊళ్లూ సగటున ఉంటే తేడా 20 అని గుర్తుంచుకోండి.

జవాబులు: సూచికలు +3, -2, 0. ఉత్త తేడాలు 32, 11, 17. మూడో ఏడు చూడండి. రెండు ఊళ్లలోనూ పీడనం ఒక్కొక్క విచలనం పెరిగింది కాబట్టి తక్కెడ ఎటూ మొగ్గలేదని సూచిక సున్నా చూపించింది. తేడా మాత్రం 20 నుంచి 17కు తగ్గింది, అంటే గాలి కాస్త నెమ్మదించింది. గాలి వేగం కావలసినవారు రాస్బీలాగా తేడాను, తక్కెడ ఊపు కావలసినవారు సూచికను చూస్తారు.